గుడ్డు పగిలిన రోజు నుంచి ఈకలు వచ్చేదాకా: కోడిపిల్లలకు భద్రమైన ఇల్లు అమర్చుకోవడం

అప్పుడే గుడ్డు పగలగొట్టుకుని వచ్చిన కోడిపిల్ల సుమారు 40 గ్రాములు తూగుతుంది. ఒంటి మీద నూగు తప్ప ఈకలు ఉండవు. తన ఒంటి వేడిని తానే కాపాడుకునే శక్తి రావడానికి దానికి రెండు మూడు వారాలు పడుతుంది. తల్లి ఉంటే ఈ లోటు తెలియదు. చలి వేస్తే పిల్ల రెక్క కిందికి దూరుతుంది, వెచ్చబడగానే బయటికి వచ్చి నాలుగు గింజలు ఏరుకుంటుంది, మళ్లీ దూరుతుంది. రోజంతా ఇదే పని. గుడ్లు పొదిగే యంత్రంలో, అంటే ఇంక్యుబేటర్‌లో, పుట్టిన పిల్లకు ఆ రెక్క లేదు. దాని బదులు మనం ఒక పెట్టె, ఒక బల్బు పెడతాం. ఆ ఏర్పాటునే బ్రూడర్ అంటారు.

తొలిసారి నేను ఇరవై పిల్లలను ఒక అట్టపెట్టెలో వేసి, పైన బల్బు వేలాడదీసి, పని అయిపోయిందనుకుని పడుకున్నాను. తెల్లవారుజామున చలి పెరిగింది. బల్బు వేడి చాలలేదు. పిల్లలన్నీ ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. పొద్దున్నే చూస్తే అడుగున ఉన్న నాలుగు ఊపిరాడక చనిపోయి ఉన్నాయి. వాటికి జబ్బేమీ లేదు, మేతకు కొరత లేదు. ఇల్లు సరిగ్గా లేదు. ఆ ఉదయం నేర్చుకున్నది ఒక్కటే: బ్రూడర్‌లో వెచ్చని చోటూ ఉండాలి, చల్లని చోటూ ఉండాలి, ఎప్పుడు ఎటు వెళ్లాలో పిల్లే తేల్చుకోగలగాలి. కింద చెప్పే ఏర్పాట్లన్నీ దీని కోసమే.

1. ముందుగా చోటు

పిల్లలు రావడానికి కనీసం ఒక రోజు ముందే అంతా సిద్ధంగా ఉండాలి. గుడ్లు మీరే పొదిగిస్తున్నట్లయితే 21వ రోజున పిల్లలు వస్తాయి కాబట్టి 19వ రోజుకల్లా బ్రూడర్ నిలబెట్టండి. ఒకటి రెండు రోజులు ముందే పగిలే గుడ్లూ ఉంటాయి.

తలుపు వేసుకోగల గది మంచిది. పిల్లి, కుక్క, ఎలుక లోపలికి రాలేనంత భద్రం కావాలి. నేల వెంబడి వచ్చే గాలి పిల్లల ఒంటికి నేరుగా తగలకూడదు, అలాగని గాలి ఆడకుండా బిగించనూ కూడదు. పిల్లల ఎత్తులో గాలి కొట్టకుండా, వాటి తలల పైన మాత్రం గాలి మారుతూ ఉండాలి. కిటికీకి ఎదురుగా కాకుండా పక్కగా పెడితే చాలావరకు ఇది కుదురుతుంది.

వంటగది మాత్రం వద్దు. కోళ్ల రెట్టలో సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు, అవి తినే తిండిలో కలవకూడదు. ఇంకో కారణం చాలామందికి తెలియదు: నాన్‌స్టిక్ పెనం బాగా వేడెక్కితే వచ్చే పొగ పక్షుల ఊపిరితిత్తులకు విషం. మనకు వాసన కూడా తెలియనంత పొగకే చిన్న పక్షులు చనిపోతాయి. పడకగది కూడా సరికాదు. రెండో వారానికే పిల్లల నూగు, పరుపు దుమ్ము కలిసి గదిలోని ప్రతి వస్తువు మీదా సన్నని పొరలా పేరుకుంటాయి.

2. మూలలు లేని కంచె

పిల్లలు భయపడినా, చలికి వణికినా ఒక మూలకు చేరుతాయి. మూలే లేకపోతే కుప్పపడడం బాగా తగ్గుతుంది. అందుకే దళసరి అట్టను గానీ, సన్నని రేకును గానీ గుండ్రంగా చుట్టి కంచె కట్టడం అన్నిటికన్నా మంచి పద్ధతి. ఎత్తు 45 సెంటీమీటర్లు ఉంటే మొదటి పది పన్నెండు రోజులకు సరిపోతుంది. ఇరవై అయిదు పిల్లలకు 1.2 మీటర్ల వెడల్పున్న వలయం కావాలి, అంటే చుట్టుకొలతకు సుమారు 4 మీటర్ల అట్ట. అట్ట రెండు చివరలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి క్లిప్పులు తగిలిస్తే, పిల్లలు పెరిగేకొద్దీ వలయాన్ని వెడల్పు చేసుకోవచ్చు.

అట్టపెట్టెగానీ, ప్లాస్టిక్ తొట్టిగానీ వాడక తప్పదనుకుంటే నాలుగు మూలల్లోనూ అట్టముక్కలు వంచి అతికించి గుండ్రంగా చేయండి. అయితే పెట్టె పొడవుగా ఉండాలి. ఒక కొసన వేడి పెడితే రెండో కొస చల్లగా ఉండేంత పొడవు లేకపోతే ఆ పెట్టె పనికిరాదు.

పైన వల కప్పండి. పదో రోజుకే కొన్ని పిల్లలు ఎగిరి అంచు మీద కూర్చుంటాయి. పెద్ద కన్నాల తీగవల కోళ్లను లోపల ఉంచగలదు గానీ, ఎలుకను బయట ఆపలేదు. ఎలుక భయం ఉంటే 12 మిల్లీమీటర్లకు మించని కన్నాలున్న గట్టి ఇనుప వలే వాడాలి. ఎలుక, పాము రెండూ ఎక్కువగా రాత్రిపూట వస్తాయి, చప్పుడు చేయకుండా వస్తాయి.

పాత పెట్టె, పాత పాత్రలు వాడుతుంటే ముందు రెట్ట అంతా గీకి, సబ్బునీళ్లతో కడిగి, ఆ తర్వాతే క్రిమిసంహారక మందు పూసి, ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. మురికి ఉండగా మందు పూస్తే ఫలితం ఉండదు.

3. కాలి కింద పరుపు

నున్నని వార్తాపత్రిక పరచడం చాలా ఇళ్లలో చూస్తాను. దయచేసి ఆ పని చేయకండి. పుట్టిన పిల్ల కాళ్ల కీళ్లు ఇంకా గట్టిపడి ఉండవు. జారే నేల మీద రెండు కాళ్లూ చెరో పక్కకూ పోయి, రెండు మూడు రోజుల్లో అలాగే నిలిచిపోతాయి. ఆ పిల్ల నడవలేదు, మేత దగ్గరికి చేరలేదు.

చిత్రిక పట్టినప్పుడు రాలే చెక్క పొరలు, వరి ఊక, ఎండిన సన్నని గడ్డి ముక్కలు, వీటిలో ఏదైనా 5 సెంటీమీటర్ల మందాన పరచండి. సన్నని రంపపు పొట్టు వద్దు, పిల్లలు దాన్ని మేత అనుకుని తింటాయి. ఘాటైన వాసన వచ్చే దేవదారు జాతి చెక్క పొరలూ వద్దు, ఆ ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మొదటి రెండు మూడు రోజులు పరుపు మీద గరుకు గుడ్డ, గోనెపట్టా, గరుకైన కాగితం, ఏదో ఒకటి పరచి దాని మీద కాస్త మేత చల్లితే పిల్లలకు ఏది మేతో ఏది పరుపో తెలుస్తుంది. గుడ్డ అయితే వేలాడే పోగులు ఉండకూడదు, కాలికి చుట్టుకుంటే తెగేదాకా బిగుస్తాయి.

4. వేడి

మొదటి వారం బల్బు కింద, పిల్ల వీపు ఎత్తులో 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ 21 డిగ్రీల దగ్గరికి తేవాలి. అప్పటికి అయిదారు వారాలు గడిచి, పిల్లలకు ఈకలు వచ్చి ఉంటాయి. ఈ లెక్క వేడి చోటికి మాత్రమే. వలయం అవతలి అంచు గది వేడితోనే, చల్లగా ఉండాలి.

థర్మామీటరును గోడకు తగిలించి చూస్తే లాభం లేదు. బల్బుకు సరిగ్గా కింద, నేలకు నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తున పెట్టి చూడండి. పిల్లలు రాకముందు కనీసం ఒక రాత్రంతా బల్బు వెలిగించి ఉంచండి. గాలి త్వరగా వేడెక్కుతుంది గానీ నేల, పరుపు వేడెక్కడానికి గంటలు పడుతుంది. చల్లని నేల మీద నిలబడ్డ పిల్ల పైన ఎంత వేడి ఉన్నా మేత ముట్టదు.

వేడి ఇచ్చే సాధనాలు మూడు రకాలు. మొదటిది వేడి బల్బు. పిల్లలు పదిలోపే ఉంటే 60 లేదా 100 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బు సరిపోవచ్చు, పాతిక ముప్పై పిల్లలకు 250 వాట్ల ఇన్‌ఫ్రారెడ్ బల్బు వాడతారు. ఎల్‌ఈడీ బల్బు చాలినంత వేడి ఇవ్వదు, దాన్ని నమ్ముకోకండి. తెల్లని వెలుగు కన్నా ఎర్రని వెలుగు మేలు: రేయింబవళ్లు తెల్లని వెలుగులో ఉన్న పిల్లలు ఒకదాన్నొకటి పొడవడం మొదలుపెడతాయి. పగలకుండా ఉండేందుకు టెఫ్లాన్ పూత పూసిన బల్బులు కూడా అమ్ముతారు. ఆ పూత వేడెక్కితే నాన్‌స్టిక్ పెనం గురించి చెప్పిన ప్రమాదమే ఇక్కడా జరుగుతుంది. కొనే ముందు అట్ట మీద రాసినది చదవండి.

రెండోది సిరామిక్ హీటర్. ఇది వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇస్తుంది, రాత్రి పిల్లలు చీకటిలో నిద్రపోగలుగుతాయి. మూడోది నాలుగు కాళ్ల మీద నిలబడే వేడి పలక. పిల్లలు దాని కిందికి దూరి వీపు ఆనించుకుంటాయి. తల్లి రెక్కకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేది ఇదే. కరెంటు ఖర్చూ తక్కువ, నిప్పు భయమూ తక్కువ. ఖరీదు భరించగలిగితే నేను చెప్పేది పలకే కొనమని.

బల్బు వాడేవారు నిప్పు గురించి శ్రద్ధగా వినాలి. బల్బు పరుపులో పడితే కొద్దిసేపట్లో మంట లేస్తుంది. పరుపు ఎండు పొట్టు, కంచె అట్ట, అంతా రాజుకునేదే. కాబట్టి:

- బల్బును దాని వైరుతో వేలాడదీయకండి. గొలుసుతో కట్టండి. గొలుసు తెగినా ఆపేలా విడిగా ఒక ఇనుప తీగ కూడా కట్టండి.
- క్లిప్పు ఒక్కదాన్నే నమ్ముకోకండి. పిల్ల ఎగిరి తగిలినా, పిల్లి దూకినా అది జారుతుంది.
- ప్లాస్టిక్ హోల్డరు ఈ వేడికి కరుగుతుంది, పింగాణీ హోల్డరే వాడండి. బల్బు చుట్టూ ఇనుప జాలీ ఉండాలి.
- 250 వాట్ల బల్బును నేలకు 45 నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తున మొదలుపెట్టి, థర్మామీటరు చూసి సరిచేయండి. వేడి తగ్గించాలంటే గొలుసు ఒక కొక్కెం పైకి తీస్తే చాలు.

బొగ్గుల కుంపటి, కిరసనాయిలు పొయ్యి మూసిన గదిలో ఎప్పుడూ వద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ పిల్లలనే కాదు, పక్క గదిలో నిద్రపోయే మనుషులనూ చంపుతుంది.

5. నీళ్లు, మేత

చిన్న పిల్ల అంగుళం లోతు నీళ్లలో కూడా మునిగి చనిపోతుంది. ముఖం తడిసి నిద్ర తూగితే అది లేవలేదు. సన్నని అంచున్న నీళ్ల పాత్ర తీసుకుని, మొదటి వారం ఆ అంచులో శుభ్రమైన గులకరాళ్లు పరచండి. ముక్కు దూరేంత సందు ఉంటే చాలు. పాత్రను బల్బు కింద పెట్టకండి, వేడెక్కిన నీళ్లను పిల్లలు తాగవు. చల్లని అంచుకు తోసేయనూ వద్దు, వెచ్చదనం దాటి వెళ్లి తాగాల్సి వస్తే బలహీనమైనది తాగకుండా ఉండిపోతుంది. వేడి చోటు అంచున, రెండు పక్కలా రెండు పాత్రలు సరైన ఏర్పాటు. పరుపులో కూరుకుపోకుండా కింద చిన్న పలక ముక్క పెట్టండి.

మేత విషయంలో ఎక్కువ ఆలోచించాల్సింది లేదు. పిల్లల కోసం తయారుచేసిన స్టార్టర్ మేత, గుడ్ల జాతికి 18 నుంచి 20 శాతం, మాంసం జాతికి 22 శాతం దాకా మాంసకృత్తులు ఉన్నది, ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. గుడ్లు పెట్టే కోళ్ల మేత మాత్రం వేయకండి. గుడ్డు పెంకు కోసం అందులో కలిపే సున్నం చిన్న పిల్లల మూత్రపిండాలను పాడుచేస్తుంది. మొదట్లో ఒక్కో పిల్లకు 2.5 సెంటీమీటర్ల చొప్పున తొట్టి అంచు దక్కాలి. స్టార్టర్ కాకుండా గింజలు, ఆకులు పెడితే అరగడానికి సన్నని ఇసుకరాళ్లు కూడా పెట్టాలి, కోడికి పళ్లు లేవు కదా.

6. పిల్లలను దించడం

ఇంక్యుబేటర్‌లో పిల్ల పూర్తిగా ఆరి, నూగు దూదిలా విచ్చుకున్నాకే బయటికి తీయండి. తొందర అక్కరలేదు. పుట్టబోయే ముందు గుడ్డులోని పచ్చసొనను పిల్ల తన కడుపులోకి లాక్కుంటుంది. ఆ బలంతో అది రెండు రోజుల దాకా మేత లేకుండా ఉండగలదు. తడి పిల్లను బయటికి తీస్తే చలికే పోతుంది. పదే పదే మూత తీస్తే ఇంకా గుడ్లలో ఉన్న వాటికీ ముప్పే.

దించేటప్పుడు ఒక్కో పిల్లనూ గోరువెచ్చని నీళ్ల పాత్ర దగ్గరకు తీసుకెళ్లి, ముక్కు కొసను ఒకసారి నీళ్లలో ముంచండి. ముక్కు రంధ్రాలు మునగకూడదు. పిల్ల ఒక క్షణం ఆగి, ముక్కు కొస నాకినట్లు కదిలించి, తల పైకెత్తి గుటక వేస్తుంది. రెండోసారి తానే వంగుతుంది. నాలుగైదింటికి ఇలా నేర్పితే మిగతావి చూసి నేర్చుకుంటాయి గానీ, దూరం నుంచి తెచ్చిన పిల్లలైతే ప్రతి ఒక్కదానికీ చూపించడమే మంచిది. అవి ముందు నీళ్లు తాగాలి. ఒకటి రెండు గంటలు గడిచాక మేత పెట్టండి.

ఆ సాయంత్రం కొన్నిటిని చేతిలోకి తీసుకుని మెడ అడుగున, రొమ్ముకు కాస్త పైన వేలితో నెమ్మదిగా తాకి చూడండి. అక్కడ మేత నిలిచే సంచి ఉంటుంది. మెత్తగా, చిన్న బఠానీ గింజలా నిండుగా తగిలితే పిల్ల తిని తాగిందని అర్థం. గట్టిగా ఉంటే తిన్నది గానీ నీళ్లు తాగలేదు. ఖాళీగా ఉంటే దాన్ని విడిగా తీసి మేత, నీళ్లు చూపించండి.

7. మొదటి రాత్రి: చూడడం, వినడం

పడుకునే ముందు ఒకసారి, అర్ధరాత్రి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి వెళ్లి చూడండి. థర్మామీటరు కన్నా ముందు పిల్లలను చూడండి.

బల్బు కింద ఒకదానికొకటి ఒత్తుకుని, గట్టిగా, ఆగకుండా కీచుమంటుంటే చలి. బల్బుకు దూరంగా అంచుకు చేరి, రెక్కలు వేలాడేసి, ముక్కు తెరిచి ఎగరొప్పుతుంటే వేడి ఎక్కువ. అన్నీ ఒకే పక్కకు చేరితే అవతలి పక్కనుంచి గాలి కొడుతోంది, కంచెలో సందు వెతకండి. కొన్ని బల్బు కింద, కొన్ని మేత దగ్గర, కొన్ని అంచున, సన్నగా, మధ్య మధ్య ఆగుతూ కిచకిచలాడుతుంటే ఇల్లు కుదిరింది.

బాగా నిద్రపట్టిన కోడిపిల్ల ఒక పక్కకు ఒరిగి, మెడ నేల మీద చాచి, ఒక కాలు వెనక్కి జాపి అచ్చం చనిపోయినట్లే పడుకుంటుంది. మొదటిసారి చూసినవారికి గుండె ఆగినంత పనవుతుంది. వేలితో తాకితే ఉలిక్కిపడి లేచి, రెండడుగులు వేసి, మళ్లీ అలాగే వాలిపోతుంది. అలా పడుకుందంటే వేడి సరిపోయినట్లే.

కరెంటు పోయే అవకాశాన్నీ ఆ రాత్రే ఆలోచించుకోండి. సీసాల్లో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి, వలయంలో పెట్టండి. పిల్లలను చిన్న పెట్టెలోకి మారిస్తే ఒకదాని వేడి ఒకదానికి అందుతుంది. దుప్పటి కప్పినా ఒక పక్క గాలికి వదలండి.

8. రోజువారీ పని, కనిపెట్టాల్సిన జబ్బులు

నీళ్ల పాత్ర రోజుకు రెండుసార్లయినా కడగాలి, పిల్లలు అందులో పరుపు తవ్విపోస్తాయి. తడిసిన పరుపు ఎక్కడ కనిపిస్తే అక్కడ తీసి పొడిది వేయండి. పిల్లల ఎత్తుకు వంగి వాసన చూడండి. ముక్కు మండితే అమ్మోనియా చేరుతోందన్నమాట. నిలబడ్డ మనకు తెలియని ఆ ఘాటు వాటి కళ్లనూ ఊపిరితిత్తులనూ దెబ్బతీస్తూ ఉంటుంది.

మొదటి వారం ప్రతి పిల్ల వెనుక భాగం చూడండి. రెట్ట ఎండి మలద్వారానికి అతుక్కుపోతే లోపలిది బయటికి రాలేక పిల్ల చనిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో అది మెత్తబడేదాకా నాననిచ్చి, నెమ్మదిగా తుడిచి, ఒళ్లు పూర్తిగా ఆరాకే తిరిగి వదలండి. పీకకూడదు, చర్మం ఊడివస్తుంది. పొట్ట మీద, కాస్త ముందుకు కనిపించే నల్లని ఎండు చుక్క బొడ్డు. దాన్ని రెట్ట అనుకుని లాగితే పేగులు బయటికి వస్తాయి. జాగ్రత్త.

రెట్టలో రక్తం కనిపించినా, పిల్లలు ఈకలు రేపుకుని ముడుచుకున్నా కాక్సిడియోసిస్ అనే పేగుల రోగం అయి ఉండవచ్చు. తడి పరుపులో పెరిగే ఈ రోగం ఎక్కువగా మూడో వారం నుంచి బయటపడుతుంది. వెంటనే పశువైద్యుని అడిగితే మందు ఉంది, ఆలస్యం చేస్తే మందలో చాలా భాగం పోతుంది. మారెక్స్, కొక్కెర తెగులు, గంబోరో వంటి కోళ్ల అంటురోగాలకు టీకాల వరుసను కూడా వైద్యుని దగ్గర పిల్లలు రాకముందే రాయించుకోండి, మారెక్స్ టీకా పుట్టిన రోజే వేయాలి.

పిల్లలను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. చిన్నారులు వాటిని ముఖానికి హత్తుకోవాలని చూస్తారు, ముద్దుపెడతారు. అయిదేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వకపోవడమే మేలు, దూరం నుంచి చూపించండి.

9. పెరిగేకొద్దీ

పదిహేను రోజులు నిండేసరికి వలయం ఇరుకవుతుంది. చోటు రెట్టింపు చేయండి. నాలుగైదు వారాలకు ఒక్కో పిల్లకు చదరపు అడుగు నేల కావాలి. ఇరుకులో ఈకలు పీక్కోవడం మొదలైతే మాన్పించడం కష్టం. మేత తొట్టి, నీళ్ల పాత్ర అంచు ఎప్పుడూ పిల్ల వీపు ఎత్తులో ఉండేలా వారానికోసారి పైకి లేపండి, రెట్ట పడదు, మేత వృథా కాదు. రెండో వారంలో నేలకు అరచేయి ఎత్తున సన్నని కర్ర ఒకటి అడ్డంగా పెడితే ఎక్కి కూర్చోవడం నేర్చుకుంటాయి.

అయిదో వారంలో పగలు బల్బు ఆపి రాత్రి మాత్రం వెలిగించండి. ఆ తర్వాత రాత్రీ ఆపండి. వేడి లేకుండా ఒక వారం హాయిగా గడిపి, మెడ మీద, వీపు మీద నూగు పోయి ఈకలు నిండాయంటే బయటికి సిద్ధమైనట్లే. మొదటి రోజు ఎండ కాసే పొడి వేళ చూసి గంటసేపు వదలండి, రోజురోజుకూ పెంచండి. పెద్ద కోళ్ల మందలో ఒక్కసారిగా కలపకండి, కొన్ని రోజులు వల అడ్డంగా ఉంచి ఒకరినొకరు చూసుకోనివ్వండి.

కొత్త గూటిలో మొదటి రాత్రి అవి కర్రలు ఎక్కవు. అలవాటు కొద్దీ నేల మీద ఒక మూలకు చేరి ఒత్తుకుంటాయి. చీకటి పడ్డాక టార్చిలైటు తీసుకుని వెళ్లి, ఒక్కోదాన్నీ రెండు చేతులతో ఎత్తి కర్ర మీద కూర్చోబెట్టండి. గూడు తలుపు గొళ్లెం పడిందో లేదో చూసుకుని రండి. నాలుగైదు రాత్రులు ఇలా చేస్తే ఆ తర్వాత వాటంతట అవే ఎక్కుతాయి.